నలభై ఒక్క కారణాలు, ఒక కిర్రు చక్రం

తుపాకీ హింస మీద డాక్యుమెంటరీలు ఇంకా రావాలి! ఊరికొకటి, వీలైతే వీధికొకటి! అమెరికాలో, మిజోరీ రాష్ట్రంలోని మా కెటిల్ ఫోర్క్ ఊరికి ఒక్క డాక్యుమెంటరీ చేసిన మేలు పది ప్రభుత్వాలు చేయలేదు. ఏమిటా మేలంటారా? మా తప్పేమీ లేదని తేలిపోయింది!

పోయిన వసంతంలో మా స్కేటింగ్ హాల్లో కాల్పులు జరిగి ఇద్దరు పోయారు. ప్రార్థనలు చేశాం. ఆ రెండిళ్లకూ వారం పాటు వంటలు పంపాం. ఇంకేం చేయగలం? అప్పుడు ఇమొజెన్ ప్రూయిట్ అనే దర్శకురాలు కెమెరా పట్టుకుని దిగింది.

"అసలు ఎందుకిలా జరుగుతోందండీ?" అని అడిగింది. మమ్మల్ని ఇంత మర్యాదగా ఎవరడిగారు? చర్చి నేలమాళిగలో డోనట్లు పెట్టుకుని కారణాల కమిటీ వేశాం. అధ్యక్షుణ్ణి నేనే, వెర్లిన్ హ్యాచర్‌ని. నలభై ఏళ్లు ఊరందరి జుట్టూ కత్తిరించినవాణ్ణి, ఎవరి తలలో ఏముందో నాకు తెలియదా?

కారణాలకు కరువేమిటి! వీడియో గేములు. తండ్రులు లేని ఇళ్లు. తండ్రులు పొద్దస్తమానం ఉండే ఇళ్లు. పొద్దున్నే పిల్లలు పాలల్లో వేసుకు తినే రంగురంగుల సీరియల్ అటుకులు. స్కేటింగ్ హాలుకు తలుపులు మరీ ఎక్కువ. ట్రాక్టర్లమ్మే డార్లా అయితే, "ఫోన్లే వెర్లిన్, ఈ పాడు ఫోన్లే!" అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

"మరి తుపాకుల సంగతి?" అంది ఇమొజెన్.

అందరూ డోనట్ల వైపు చూశారు. "చూడమ్మా," అన్నాను ఓపిగ్గా, "నువ్వు కారణాలడిగావు, చెబుతున్నాం. మధ్యలో రాజకీయాలెందుకు?"

నలభై ఒకటో కారణం మా మనవరాలు టామ్సిన్ క్లాసులో దొరికింది. దానికి ఏడేళ్లు. దుండగుడు వస్తే ఎలా దాక్కోవాలో బడిలో నెలనెలా నేర్పిస్తారు. లైట్లార్పి, పిల్లలంతా మూలన ముడుచుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్న సమయంలో వాళ్ల క్లాసు పెంపుడు హామ్‌స్టర్, ఎలుకంత బొద్దు జీవి, పేరు బిస్కెట్, బోనులోని తన ఆట చక్రమెక్కి పరుగు మొదలెట్టింది. కిర్రు, కిర్రు! ప్రాణాలు తీసే శబ్దం కాదూ? ఆ సాయంత్రమే బిస్కెట్‌ను క్లాసులోంచి పంపించేశారు.

టామ్సిన్ మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఆ మొహం చూడలేక నేనే ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లాను. "తూటా దిగని తలుపు పెట్టిస్తే బిస్కెట్‌ను వెనక్కి తెస్తాం," అన్నాడాయన. తలుపంటే విరాళాలు కావాలి. విరాళాలంటే మా ఊళ్లో ఒకటే పద్ధతి, లక్కీ డ్రా. బేస్‌బాల్ జట్టుకు బట్టలు కావాలన్నా, ఫైరింజన్‌కు టైర్లు కావాలన్నా బహుమతి ఒకటే: సరికొత్త రైఫిల్. నా వంతు టికెట్ కూడా కొన్నాను. పిల్ల అదృష్టవంతురాలు కదా అని టామ్సిన్ పేరే రాయించాను.

ఫైర్ స్టేషన్ హాల్లో డాక్యుమెంటరీ వేశారు. నలభై ఒక్క కారణాలూ తెర మీద కనిపించేసరికి మా ఛాతీలు పొంగిపోయాయి. తర్వాత డ్రా తీశారు.

"టామ్సిన్ హ్యాచర్!"

చప్పట్లే చప్పట్లు! వేదికెక్కి, సంతకం పెట్టి, పిల్ల తరఫున రైఫిల్ నేనే అందుకున్నాను. టామ్సిన్ కాసేపు దాన్ని ఎగాదిగా చూసింది.

"తాతా, చప్పుడు చేస్తోందని బిస్కెట్‌ని పంపించేశారు కదా?"

"అవునే తల్లీ."

"మరి ఇది చప్పుడు చెయ్యదా?"

స్కేటింగ్ హాల్లో కొడుకును పోగొట్టుకున్న లొరేన్ మొదటి వరుసలోంచి లేచి బయటికి నడిచింది. ఇమొజెన్ కెమెరా మీద ఎర్రలైటు ఇంకా వెలుగుతూనే ఉంది. "ఆపమ్మా, సినిమా అయిపోయింది కదా," అన్నాను.

తలుపు బిగించారు. బిస్కెట్ మళ్లీ వచ్చింది, చక్రం మాత్రం తీసేశారు. టామ్సిన్‌కు ఇంకా జవాబు చెప్పలేదు నేను. మా జాబితా ముందేసుకుని వెతుకుతున్నాను, నలభై ఒకటీ చూసేశాను.