గోబీ చేపకు కొట్టిన కొబ్బరికాయ

చెరువుకు చేపపిల్లలు అక్కర్లేదు. చేప బొమ్మ చాలు! ఈ మాట నేను పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను.

పెనుబల్లి దాటి కాస్త లోపలికి, అడవి అంచున ఉంది మా ఊరు. మా చెరువు మీద నలభై కుటుంబాలు బతుకుతున్నాయి. వానలకు చెరువు నిండగానే సర్కారు ఇచ్చే చేపపిల్లల లారీ రావాలి. దసరాలోపు వదిలితేనే ఎండాకాలానికి అవి తూకానికొస్తాయి. లేదంటే ఈ ఏడు వలలు దండెం మీదే! చేపలు పట్టేవాళ్ల సంఘానికి పెద్ద మంగయ్య. ఆయన రెండు నెలలుగా ఆ లారీ కోసమే రోడ్డు వైపు చూస్తున్నాడు.

మొన్న బుధవారం కట్ట మీదికి ఒక వ్యాను వచ్చింది. వెనకాల తెల్లటి డబ్బాలు. ఇంకేముంది! డప్పు మోగింది. చేపపిల్లలను వదిలే రోజు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టడం మా ఆనవాయితీ. మంగయ్య తలస్నానం చేసి వచ్చి వ్యాను ముందే టపీమని కొట్టేశాడు. ఆడవాళ్లు చక్రాలకు పసుపు పూశారు. తీరా డబ్బాలు విప్పితే ప్రొజెక్టరు, రెండు స్పీకర్లు, ఒక చార్టు!

వ్యాను దిగిన పెద్దమనిషి పేరు రామ్‌చందర్, మత్స్యశాఖ ట్రైనర్. ఆయన పాఠం 'సముద్రపు గోబీ చేప శరీర నిర్మాణం'. మా ఊళ్లో సగం మంది సముద్రాన్ని ఫోన్లో తప్ప చూడలేదు. అయితే ఏం? చూడనిదాని గురించి చెబితేనే కదండీ దాన్ని చదువు అంటారు!

అబ్బో, ఎంత జ్ఞానం! గోబీ చిటికెన వేలంత ఉంటుందట. వీపు మీద రెండు రెక్కలు, మొదటిదాంట్లో మామూలుగా ఆరు ముళ్లు. కళ్లు నెత్తి మీద, చూపంతా పైకే. పొట్ట కింది రెక్కలు రెండూ కలిసిపోయి కప్పులా ఉంటాయి. ఆ కప్పుతో రాయిని పట్టుకుందంటే ఎన్ని అలలు కొట్టినా కదలదు.

ఆ రోజు నుంచి ఊరు మారిపోయింది! సంతలో చేపలమ్మే వెంకమ్మతో బేరమాడి చూడండి. "ముందుగాల వీపు మీద ముళ్లెన్నో చెప్పు, గప్పుడు తగ్గిస్త" అంటోంది. పోతయ్య అయితే తన కూతురిని చూడ్డానికొచ్చిన పెళ్లికొడుకును కూడా అదే అడిగాడు. అబ్బాయి నాలుగన్నాడు. సంబంధం తప్పిపోయింది.

"డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" అన్నారు ఆ బుధవారం పాఠం చివర్లో రామ్‌చందర్ గారు.

మంగయ్య లేచాడు. "సార్, మా చేపపిల్లలు ఎప్పుడొస్తయ్? దసరా దాటితే మా గతేంది?"

"అది వేరే సెక్షనండీ. నాది అనాటమీ మాత్రమే."

అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్లిపోయారు. పసుపు చక్రాలతోనే!

మర్నాడు మంగయ్యతో కలిసి నేనూ మత్స్యశాఖ ఆఫీసులోని ఆ వేరే సెక్షన్‌కు వెళ్లాను. కుర్చీలో ఒకాయన ఉన్నాడు. చూపంతా పైన తిరిగే ఫ్యాను మీదే. మా చేపపిల్లల ఫైలు ఎక్కడిదాకా వచ్చిందని అడిగాం. "ఉన్నచోటే ఉంది" అన్నాడు. దండం పెట్టాం. బతిమాలాం. గంటసేపు నిలబడ్డాం. ఆయన కదిలితే ఒట్టు!

అంతలో మంగయ్య ఉన్నట్టుండి వంగి బల్ల కింద చూడసాగాడు.

"ఏం వెతుకుతున్నావయ్యా అక్కడ?" అని గద్దించాడు కుర్చీలో ఆయన.

"ఏం లేదు సార్. కప్పు ఉన్నదేమో అని చూస్తున్న. ట్రైనింగ్‌ల చెప్పిన్రు."

చూశారా? శిక్షణ ఎంత పనికొచ్చిందో! నేను నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తాను. మంగయ్య మాత్రం నవ్వలేదు. మెట్ల మీద కూలబడి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు.

"దసరా ఇంక తొమ్మిది రోజులే ఉన్నదన్నా. ఇంకో కొబ్బరికాయ కొనమంటవా, వద్దంటవా?"