వెంకన్న నీటిబుడగకు విస్తరణ అనుమతి

మనిషి ఒంట్లో ఏది పెరగదలచుకున్నా ముందుగా కంపెనీ అనుమతి తీసుకోవాలి. నాగరికతలో ఇదొక పెద్ద అడుగు. ఇన్నాళ్లూ గోళ్లూ వెంట్రుకలూ పొట్టలూ ఎవరినీ అడక్కుండా పెరిగిపోయి దేశాన్ని ఈ స్థితికి తెచ్చాయి. (పొట్టల విషయంలో అధికారులకు మినహాయింపు ఉంది.)

మా ఊరు సుక్మా జిల్లాలో, ఎర్రబోరు నుంచి అడవి లోపలికి ఉంటుంది. మా వెంకన్నకు యాభై దాటాయి. కొండ గనిలో డ్రిల్లు మిషను మీద పని. పొలం గని మట్టి కింద పోయాక ఆ ఇంటికి మిగిలిన ఆస్తి గేటు పాసు ఒక్కటే. ఏటా ఒంటి పరీక్ష నెగ్గితేనే అది చేతికొస్తుంది. పోయినేడు సోనోగ్రఫీలో అతని ఎడమ కిడ్నీ మీద ఒక నీటిబుడగ కనబడింది. ఈ ఏడు చూస్తే అది రెండు మిల్లీమీటర్లు పెరిగింది.

సుక్మాలో పరీక్ష చేసిన డాక్టరు ప్రమీలారాణి కిరందుల్ రైల్వే వాళ్ల అమ్మాయి. తెలుగులోనే నిదానంగా చెప్పింది. వయసు మీదపడ్డ కొద్దీ ఇలాంటివి చాలామందికి వస్తాయట. ఏడాదికి ఒకటో రెండో మిల్లీమీటర్లు పెరుగుతాయట. కొన్ని ఉన్నచోటే ఉండిపోతాయి, ఎప్పుడో ఒకటి తగ్గను కూడా తగ్గుతుంది. గోడ పల్చగా ఉంది, లోపల నీళ్లే తప్ప కండ లేదు, అడ్డుగోడలు లేవు, కాబట్టి దాని మానాన దాన్ని వదిలేయమంది. నొప్పి వచ్చినా, మూత్రంలో రక్తం పడినా రమ్మంది. అదే కాగితం మీద రాసిచ్చింది. వెంకన్న ఊపిరి పీల్చుకున్నాడు. ఇది తొందరపాటు. ఆఫీసు ముద్ర పడనిదే ఊపిరి పీల్చుకోవడం నిబంధనలకు విరుద్ధం.

కంపెనీ ఆరోగ్య విభాగానికి పెద్ద గవర్రాజు. విజయనగరం వైపు మనిషి. అంతకుముందు యంత్రాల విభాగంలో ఉండి, పగులు పెరిగిన డంపర్లను తుక్కు కింద రాసిన అనుభవం ఉంది. మనుషుల దగ్గరికి బదిలీ చేసినా ఆ అనుభవం వృథా పోనివ్వలేదు.

"పెరిగిందా, నేదా? అది సెప్పు ముందు" అన్నాడు.

"పెరగడం దాని గుణమని డాక్టరమ్మ రాసింది గద సారూ."

"గుణం రాయడానికి ఇందులో గడి నేదు వెంకన్నా. నానేటి సేసేది?"

పెరగలేదని రాస్తే పాత రిపోర్టుకు నకలు తెచ్చాడని అనుమానిస్తారు. పెరిగిందని రాస్తే అది విస్తరణ. కంపెనీలో విస్తరణకు ఉన్న దరఖాస్తు ఒక్కటే, కొండ మీద గని పెంచడానికి పెట్టేది. గవర్రాజు మనస్సాక్షి గల మనిషి కనుక దాన్నే శ్రద్ధగా నింపాడు. నరకవలసిన చెట్లు: లేవు. నిర్వాసితులయ్యే కుటుంబాలు: లేవు. సమీపంలోని నీటి వనరులు: (ఇక్కడ కాసేపు ఆలోచించాడు) మూత్రాశయం.

చివరి షరతు గ్రామసభ సమ్మతి. కిడ్నీకి అది వర్తిస్తుందా అని రాయపూర్‌లోని వకీలును అడిగారు. వెంకన్న ఉన్నది షెడ్యూల్డు ప్రాంతం కనుక వెంకన్నలో ఉన్నదీ షెడ్యూల్డు ప్రాంతమేనని ఆయన అభిప్రాయం పంపాడు.

బడి వరండాలో సభ జరిగింది. వెంకన్న పాసు సంగతని ఊరంతా వచ్చింది. ఇప్పపూలు ఏరడం మానుకుని మరీ వచ్చారు. పంచాయతీ కార్యదర్శి సచివ్ గారు కాగితం చదివాడు: కంపెనీ పరిధిలోని విస్తరణకు ఈ గ్రామం సమ్మతిస్తున్నది. వెంకన్న పేరేదని అడిగితే, వెనక జతచేసిన కాగితంలో ఉందన్నాడు.

వెంకన్న పెద్దమ్మ భద్రమ్మ ముందుకొచ్చింది.

"ఏలిముద్రలు ఏ కాయితం మీద ఏస్తం?"

"పైదాని మీద."

"మావోడు కింద కాయితంల గద ఉండు. కింది కాయితం ఊడిపోతే?"

సచివ్ గారు గుండుసూది గట్టిదేనన్నాడు.

మా ఊరు దోమతెరలకని వేలిముద్రలు వేసిన ఊరు. తెరలు వచ్చాయి. వేలిముద్రలు మాత్రం కొండ మీద రెండో గని గుంటకు సమ్మతి కింద తేలాయి. అంతకుముందు కొండ ఇవ్వమని సభలో ఎన్నిసార్లు అన్నా, 'కూలంకషంగా చర్చించారు' అని రాసుకుని వెళ్లారు. ఇప్పుడు మూడో గుంట మాట వినబడుతోంది. అందుకే ఇంకు డబ్బా మూత తీసినా ఎవరూ బొటనవేలు చాపలేదు. అందరూ వెంకన్న వైపు చూశారు. అతని భార్య సోమక్క నేల చూసింది.

వెంకన్నే అన్నాడు: "ఎయ్యకు పెద్దమ్మా. నా లోపలిది ఏడాదికి గింజంత పెరుగుద్ది. ఆళ్ల గుంట అట్ల కాదు."

సమ్మతి లేదని రాసుకుని సచివ్ గారు వెళ్లిపోయాడు.

వారం తిరక్కముందే జవాబు వచ్చింది. ప్రజాస్వామ్యంలో గ్రామసభదే తుది మాట అనీ, ఆ మాటను జవదాటే ఉద్దేశం కంపెనీకి ఎన్నడూ లేదనీ, అందువల్ల సదరు విస్తరణ గల వెంకన్న గేటు పాసును రద్దు చేస్తున్నామనీ అందులో ఉంది.

మేం వద్దన్నది కంపెనీ వినడం అదే మొదటిసారి.