నాలుగు సెకన్ల ఖాళీ

ఆ శనివారం ఉదయం లెక్కల మాస్టారు అరగంట పని ఒకటి పెట్టుకున్నారు. ఆయన నోట అరగంట అన్న మాట వినబడితే చాలు, ఆయన భార్య వంట తొందరగా ముగించేస్తుంది. ఆ తరువాత వంటింట్లోకి ఏ సామాను వచ్చి పడుతుందో, వంటింట్లోంచి ఏది మాయమవుతుందో చెప్పలేం కనుక.

పని టెలిస్కోపుది. బడివాళ్లదే అయినా మాస్టారి డాబా మీద ఉంటుంది. దాని స్టాండుకు ఒక చిన్న మోటారు ఉంది. ఆకాశం ఎంత మెల్లగా కదిలితే అంత మెల్లగా గొట్టాన్ని కదపడం దాని ఉద్యోగం. చిక్కల్లా ఒక్కటే. బటన్ నొక్కితే మోటారు తిరుగుతుంది కానీ గొట్టం నాలుగు సెకన్లపాటు కదలదు. పళ్లచక్రాల మధ్య కొద్దిగా ఖాళీ ఉంది. ఒక చక్రం పన్ను ఆ ఖాళీ దాటి రెండో చక్రం పన్నును తాకేదాకా ఏమీ జరగదు. తాకాక ఒక్క గెంతు. పిలిస్తే "ఆఁ, లేస్తున్నా" అని మంచం మీదే ఉండి, చివరికి ఒక్క ఉదుటున లేచి తలుపుకు గుద్దుకునే మనుషులుంటారే, అదే రకం.

ఆ నాలుగు సెకన్లే పోయిన నెల మాస్టారి పరువు తీశాయి. శుక్రవారం సాయంత్రాలు ఆయన బడిపిల్లలను డాబా మీదికి పిలిచి ఆకాశం చూపిస్తారు. అదేమిటో చూద్దామని పెద్ద మేడం, అంటే హెడ్‌మిస్ట్రెస్ గారు, వచ్చారు. ఎదురింటి నీళ్ల ట్యాంకుకు కాస్త పైన ఉన్న శనిగ్రహం అద్దం అంచుకు జారింది. మాస్టారు బటన్ నొక్కారు. కదల్లేదు. మళ్లీ నొక్కారు. గొట్టం గెంతి ట్యాంకు మీద వాలింది. మేడం చాలాసేపు చూసి, "వలయం బాగుంది మాస్టారూ. కాస్త నాచు పట్టినట్టుంది" అన్నారు. పిల్లలు నవ్వారు. సంగతి తెలిశాక మేడం మాత్రం నవ్వలేదు.

"ఇంకోసారి వస్తాను. అప్పుడూ ట్యాంకే కనిపిస్తే దీన్ని బడి స్టోర్‌రూమ్‌కి పంపేయండి. శుక్రవారాలు పిల్లలకు డ్రిల్లు పెట్టుకుందాం."

ఆ ఇంకోసారి ఈ సాయంత్రమే.

పదింటికి మాస్టారు మోటారు ఊడదీసి, డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరిచి విప్పారు. చక్రాలను దగ్గరికి నొక్కి బిగించారు. మోటారు మూలిగి ఆగిపోయింది. వదులు చేశారు. నాలుగు సెకన్లు తిరిగొచ్చాయి. పదకొండింటికి ఆయనకు గొప్ప ఆలోచన వచ్చింది. అసలు పళ్లే లేకపోతే ఖాళీ ఎక్కడిది? చక్రాల బదులు బెల్టు వేస్తే సరి. బెల్టు పక్కగదిలోనే, భార్య కుట్టుమిషన్‌లో ఉంది.

భార్య స్నానానికి వెళ్లినప్పుడు మాస్టారు మిషన్ పక్కమూత తీసి, బెల్టు లాగి, మూత మళ్లీ శుభ్రంగా బిగించారు. దొంగతనమైనా ఆయనది పొందికైన పని. తీరా చూస్తే బెల్టు జానెడు ఎక్కువ. తిరిగి పెట్టేద్దామని జేబులో వేసుకున్నారు. అంతలోనే, చిక్కటి గ్రీజు పూస్తే ఖాళీ నిండుతుందేమోనన్న ఇంకో ఆలోచన వచ్చి, చెప్పులు వేసుకుని బజారుకు బయలుదేరారు. జేబులో బెల్టూ బయలుదేరింది.

భార్య వచ్చి మిషన్ ముందు కూర్చుంది. పెద్ద మేడం సోమవారం మీటింగుకు వేసుకోవలసిన కోటుకు ఒక చెయ్యి మిగిలి ఉంది. సాయంత్రం వచ్చినప్పుడే కోటూ తీసుకుంటానన్నారు ఆవిడ. పెడల్ తొక్కితే మోటారు రొద పెట్టింది, సూది కదల్లేదు. భార్య మెకానిక్‌కు ఫోన్ చేసింది.

"చప్పుడొస్తోంది, సూది కదలట్లేదు బాబూ. సాయంత్రానికి కోటు ఇవ్వాలి."

"మోటారు పోయుంటుందమ్మా. వచ్చి పట్టుకెళ్తా."

మెకానిక్ వచ్చేసరికి ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. డైనింగ్ టేబుల్ దగ్గర ఆవిడ తండ్రి ఒక్కరే ఉన్నారు. మాస్టారి మామగారు నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. ఏడాది కిందట అత్తగారు పోయాక దుకాణం మూసి కూతురింటికి వచ్చారు. అప్పటినుంచి ఒక్క స్క్రూ ముట్టుకోలేదు. ఎవరేం అడిగినా "ఆఁ" అంటారు. అత్తగారి తోలుసంచి భుజాన వేసుకుని ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతారు. దాని మూత మాత్రం తీయరు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు.

"పెద్దాయనా, పాడైన మోటారు ఇదేనా?"

"ఆఁ."

"విప్పి కూడా పెట్టారే! పట్టుకెళ్లనా?"

"ఆఁ."

ఒంటిగంటకు గ్రీజు డబ్బాతో వచ్చిన మాస్టారికి టేబుల్ మీద పేపరొక్కటే కనిపించింది.

"మామయ్యగారూ, ఇక్కడ మోటారు ఉండాలి. ఎవరైనా తీశారా?"

"ఆఁ."

"ఎవరూ?"

"ఆఁ."

పెరట్లోంచి భార్య వచ్చింది. "మెకానిక్ వచ్చి మోటారు తీసుకెళ్లాడా నాన్నా?"

"ఆఁ."

"హమ్మయ్య. ఏవండీ, నా మిషన్ ఆగిపోయింది. ఎవరి దిష్టి తగిలిందో!"

మాస్టారి చెయ్యి దానంతట అది జేబు మీద పడింది. చెప్పేద్దామనుకున్నారు. భార్య ముఖం చూసి, ముందు మోటారు తెచ్చి ఆ తరువాత చెబుదామని సవరించుకున్నారు.

మెకానిక్ తన దుకాణంలో మాస్టారికి ఎదురొచ్చాడు. "భలే మోటారు సార్! లోపలంతా గేర్లే. అందుకే ఈడుస్తోంది. అన్నీ పీకేశా. చూడండి ఇప్పుడు." స్విచ్చి వేశాడు. మోటారు ఈల వేసింది. ఆ వేగంతో బిగిస్తే శనిగ్రహం నిమిషానికి నలభైసార్లు ఉదయిస్తుందని మాస్టారు నోటిలెక్క కట్టారు.

"సంతోషమేనా సార్?"

మాస్టారు మోటారు తీసుకుని, గేర్లను పొట్లం కట్టించుకుని ఇంటికి వచ్చారు. పొట్లం విప్పితే పదకొండు చక్రాలు. కొన్ని చొక్కా గుండీ అంత, కొన్ని ఆవగింజకు అన్నగారంత. ఏది ఎక్కడిదో తెలియదు. నాలుగయింది. ఆయన తల పట్టుకుని కూర్చున్నారు.

"గేర్లు పీకేశాడా?"

మాస్టారు తలెత్తారు. పక్కగదిలో భార్య చేతిలో కత్తెర ఆగింది.

"పీకేశాడు మామయ్యగారూ."

"వాడు మనిషా, గునపమా?"

ఏడాదిలో ఆ ఇంట్లో ఆయన "ఆఁ" కాక ఆడిన మొదటి మాటలు అవి. మామగారు కుర్చీ లాక్కున్నారు. సంచి ఒడిలో పెట్టుకున్నారు. తరువాత మూత తీశారు. దుకాణం తాళాల గుత్తి, ఇత్తడి తాళం, మడత గొడుగు, టార్చిలైటు, ఆయనవే మూడు జతల కళ్లజోళ్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. అడుగున చేతిరుమాల్లో చుట్టి, కంటికి బిగించుకునే భూతద్దం ఉంది.

"మీ అత్త అడక్కుండానే చేతికిచ్చేది" అన్నారు మామగారు. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు. "లైటు ఇటు పట్టు అల్లుడూ. ఊపిరి అటు వదులు."

ఆ తరువాత రెండున్నర గంటలపాటు మామగారి నోటికి మూతపడలేదు. మోటారు చేసినవాణ్ణి మెచ్చుకున్నారు, విప్పినవాణ్ణి తిట్టారు, లైటు పట్టినవాణ్ణి కూడా తిట్టారు. కూతురు గుమ్మంలో నిలబడి, మోచేత్తో కళ్లు తుడుచుకుంటూ విన్నది. ఉన్నట్టుండి, "ఇది టెలిస్కోపుదా? మరి నా మిషన్‌కేమైంది?" అంది.

"ఎవరూ కదలొద్దు!" అన్నారు మామగారు, సన్నటి పట్టకారుతో ఆవగింజ చక్రాన్ని పట్టుకుని. మామగారి మాట కాదనడం మర్యాద కాదు కనుక మాస్టారు కదల్లేదు, మాట్లాడలేదు, జేబులో చెయ్యి పెట్టలేదు.

ఆరున్నరకు మోటారు స్టాండుకెక్కింది. మాస్టారు సామాన్లన్నీ సంచిలో సర్ది మామగారికిచ్చి, బటన్ నొక్కారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గెంతు.

"ఉన్నది ఉన్నట్టు పెట్టాను" అన్నారు మామగారు. "ఖాళీ కూడా ఉన్నదే కదా మరి."

కింద కాలింగ్ బెల్ మోగింది.

"ముందు కోటా, శనా?" అన్నారు పెద్ద మేడం డాబా మెట్లెక్కుతూ.

"శనే మేడం, శనే చూడండి" అంది మాస్టారి భార్య, ఒంటిచేతి కోటును తలచుకుని.

మేడం కూర్చోవడానికి మామగారు బరువైన స్టూలు మోసుకురావలసి వచ్చింది. రెండు చేతులూ కావాలి కనుక భుజం మీది సంచిని తీసి, చేతికి అందిన, గొట్టంతోపాటు తిరిగే స్టాండు కడ్డీకి తగిలించారు. శనిగ్రహం అద్దం అంచున ఉంది. మాస్టారు కళ్లు మూసుకుని బటన్ నొక్కారు.

"ఆఁ, మధ్యలోకి వచ్చేసింది" అన్నారు మేడం. ఆయన ఇంకా ఒకటి కూడా లెక్కపెట్టలేదు. ఎడమకు నొక్కారు, కుడికి నొక్కారు. నొక్కిన క్షణమే కదిలింది.

"ఈసారి నాచు లేదే! కడిగించారా?"

"మామయ్యగారు కడిగారండీ" అంటూ మాస్టారు చెమట తుడుచుకోవడానికి జేబురుమాలు లాగారు. రుమాలుతోపాటు బెల్టు ఊడిపడింది, సరిగ్గా భార్య కాళ్ల దగ్గర.

ఆవిడ బెల్టును చూసింది. మొగుణ్ణి చూసింది. మేడం ఉన్నారు కనుక నవ్వింది. "మీరు నింపాదిగా చూడండి మేడం" అని బెల్టు తీసుకుని కిందికి వెళ్లింది. కాసేపటికి కుట్టుమిషన్ పరుగు వినిపించింది. తన భవిష్యత్తు మాస్టారికి ఏ అద్దమూ లేకుండానే స్పష్టంగా కనిపించింది.

ఇంతలో మామగారు టార్చి కోసం సంచి తీసుకున్నారు. శనిగ్రహం జారింది. బటన్. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "మళ్లీ ట్యాంకేనా?" అన్నారు మేడం.

"మామయ్యగారూ, సంచి! సంచి అక్కడే పెట్టండి!"

సంచి కడ్డీకెక్కింది. శని మధ్యకు వచ్చి నిలబడింది. అప్పుడు వెలిగింది మాస్టారికి. సంచి బరువు చక్రాన్ని ఎప్పుడూ ఒకే పక్కకు లాగి ఉంచుతోంది. పన్ను పన్నును వదలడం లేదు. ఇక దాటడానికి ఖాళీ ఎక్కడ?

మేడం ఇరవై నిమిషాలు చూశారు. ఈలోగా కోటుకు రెండో చెయ్యి వచ్చింది. వెళుతూ, "శుక్రవారాలు అలాగే సాగనివ్వండి మాస్టారూ" అని, "ఆ సంచి కూడా యంత్రంలో భాగమేనా?" అని అడిగారు.

"ముఖ్యభాగం" అన్నారు మామగారు.

ఆవిడ వెళ్లాక మాస్టారు, "అంతే బరువుకు ఇనుపదిమ్మ చేయిస్తాను, మీ సంచి మీరు ఉంచుకోండి" అన్నారు మామగారితో.

"ఎందుకూ? శుక్రవారాలు ఇక్కడే వేలాడుతుంది. నేనూ వస్తాను. ఒక్కటే, టార్చి నీది నువ్వు తెచ్చుకో. ఈ సంచి బరువు కుదర్చడానికి మీ అత్తకు ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది."

మాస్టారు నోటుపుస్తకం తీసి, 'చేసిన మార్పులు' కింద పొద్దుటినుంచి రాసినవన్నీ కొట్టేశారు. 'ఖాళీ: లేదు. కారణం: అత్తగారు' అని రాసి గీత గీశారు.

మర్నాడు చూసుకుంటే, ఆ గీత కింద భార్య దస్తూరీలో ఇంకో వరుస ఉంది: 'బెల్టు ముట్టుకోరాదు.'