రెండు విభాగాల మార్గం

శరీరంలోని కణాలు ఇకమీదట ఒక్కో కబురుకు ఒక్కో పని మాత్రమే చేయవలెనని జీవసమాచార సంస్థ వారు తీర్మానించారు. ఈ సంగతి కణాలకు తెలియజేసే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

కణానికి బయటినుంచి వచ్చిన కబురును లోపలికి చేరవేసే అణువుల వరుసను సంకేత మార్గమంటారు. అలాంటి మార్గాలను కంప్యూటర్లో వర్గాలవారీగా సర్దిపెట్టడం ఈ సంస్థ పని. డాక్టర్లు అది చూసుకుని మందు రాస్తారు. సర్దే ఉద్యోగినికి ఒకనాడు చిక్కు వచ్చిపడింది. పెరుగుదల విభాగంలో ఉన్న ఒక మార్గం చర్మంలో కణాన్ని పెంచుతోంది సరే, కాలేయంలో మాత్రం పాడైన కణాన్ని చంపుతోంది. దాన్ని మరణ విభాగంలో కూడా చేర్చాలని ఆమె విన్నవించుకుంది.

పెరుగుదల విభాగాధిపతి భగ్గుమన్నాడు. మరణ విభాగాధిపతి, ఇస్తే మొత్తంగా ఇవ్వండి, పొత్తులకు మేం ఒప్పుకోమన్నాడు. డైరెక్టరుగారు సభ చేసి, గొంతు సవరించుకుని సెలవిచ్చారు:

"ప్రకృతి పొరపాటు చేయొచ్చు, దానికి పై అధికారి లేడు. మనకున్నాడు! ఒక మార్గం, ఒక విభాగం. అంతే!"

చప్పట్లు మోగాయి. ఉద్యోగిని కూడా కొట్టింది. ఉద్యోగం కదా.

ఆ వారమే కాలేయ వైద్యురాలైన ఆమె అక్క ఫోన్ చేసింది.

"ఏమే, మీ కంప్యూటర్లో పెరుగుదల విభాగంలో ఉందని చూసి, ఆ మార్గాన్ని మూసే మందిచ్చాను. నా దగ్గరికొచ్చిన ఒక పెద్దావిడకి కాలేయంలో గడ్డ తగ్గకపోగా ఇంకా పెరుగుతోందేంటే?"

"ఆపెయ్యక్కా! కాలేయంలో అది పెంచేది కాదు, చంపేది."

"మరి ఆ ముక్క రాసి చావొచ్చుగా?"

"రాస్తానంటే సభ పెట్టారు."

అక్క మందు మార్చింది. చెల్లెలు ఎవరినీ అడక్కుండా ఆ మార్గాన్ని రెండో విభాగంలోనూ చేర్చింది. సంస్థ వారు ముందు ఆ చేర్పును తీసేశారు, తర్వాత ఆమెను తీసేశారు. క్రమశిక్షణలో ఆదర్శప్రాయమని సంస్థకు పురస్కారం కూడా వచ్చింది.

కోలుకున్న పెద్దావిడ, తన ప్రాణం నిలిపిన పిల్లను చూడాలని పట్టుబట్టింది. ఆసుపత్రికి వచ్చిన చెల్లెలి రెండు చేతులూ పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంది.

"నా కోసం ఉద్యోగం పోగొట్టుకున్నావటగా తల్లీ! కడుపున పుట్టినవాళ్లు కూడా ఇంత చెయ్యరు."

ఇన్నాళ్లకు ఒకరు తన బాధ గుర్తించారని చెల్లెలు కూడా ఆవిడ చేతులు గట్టిగా పట్టుకుంది. పెద్దావిడ ఇంకాస్త దగ్గరికి జరిగి, మెల్లగా అడిగింది.

"ఇంతకీ, నువ్వు మనవాళ్లమ్మాయివేనా?"

"కాదండీ."

పెద్దావిడ చేతులు వదిలేసింది.

"పోన్లే. అయినా మంచిదానివే."