మా ఆవిడ కోట్లు, నా అరవై నాలుగు

మా ఆవిడది కోట్ల వ్యాపారం. కంగారు పడకండి, తొడుక్కునే కోట్లే. డాక్టర్ల తెల్లకోట్ల జేబుల మీద పేర్లు కుట్టి ఇస్తుంది. కుట్టేది ఎంబ్రాయిడరీ మిషన్. దానికి అక్షరాలు అందించేది మా పాత కంప్యూటర్.

నాకు కొత్త కంప్యూటర్ కావాలి. ఆవిడకు అక్కర్లేదు. కాబట్టి నాకూ అక్కర్లేదని మా ఇంటి తీర్మానం.

అప్పుడు దొరికింది ఓ బుల్లి ప్రోగ్రాం. కంప్యూటర్ లోపల కూర్చుని అందరికీ పని పురమాయించే పెద్దను కెర్నెల్ అంటారు. మా ఇంటికి ఆవిడ కల్నల్! ఆ కెర్నెల్ 32 బిట్ల పద్ధతిలో లేస్తోందో, 64 బిట్ల పద్ధతిలో లేస్తోందో ఈ ప్రోగ్రాం చెబుతుంది, కావాలంటే మారుస్తుంది. మాది 32. దాన్ని 64కి ఎక్కిస్తే పాతకాలపు మిషన్లను గుర్తుపట్టదట. పదవి వచ్చిన బంధువులాగన్నమాట!

పొద్దున్నే 64 నొక్కి రీస్టార్ట్ చేశాను. ఎంబ్రాయిడరీ మిషన్ మూగబోయింది.

“ఏమండీ, ఇది పలకట్లేదు! సాయంత్రం ఆసుపత్రి వాళ్లొస్తారు!”

నాడి చూసినట్టు మౌస్ పట్టుకున్నాను. “లాభం లేదోయ్. కంప్యూటర్ ఆయుష్షు తీరింది. కొత్తది కొనాల్సిందే.”

“అలాగే కొందాం.”

పొంగిపోయాను.

“ముందు కోట్లు పూర్తవ్వాలిగా. చేత్తో కుట్టేద్దాం. మీరు మేడ మీద కూర్చోండి, వెలుతురుంటుంది.”

జేబు మీద పెన్సిల్‌తో పేరు రాసి, కోటూ సూదీ దారం చేతిలో పెట్టింది. ఆ డాక్టర్‌కి పేరు పెట్టినవాళ్లు మనకు అక్షరాలు మిగల్చలేదు! సూది గుడ్డలోకంటే నా వేళ్లలోకే ఎక్కువ దిగింది. రెండో అక్షరానికి కొత్త కంప్యూటర్ మీద ఆశ చచ్చింది. గుట్టుగా 32కి మార్చేద్దామని పిల్లిలా కిందికి దిగాను.

తలుపు తీస్తే ధడధడ! మిషన్ పరుగులు తీస్తోంది. కుట్టిన కోట్లు పక్కన గుట్టగా ఉన్నాయి. తెర మీద నా బుల్లి ప్రోగ్రాం: ‘ఇప్పుడు నడుస్తున్నది 32.’

“ఎ... ఎవరు బాగుచేశారు?”

“మీ బుల్లి ప్రోగ్రాం బొమ్మ తెర మీదే వదిలేశారుగా, మిషన్ ఆగినప్పుడే చూశాను. నొక్కితే ‘32కి మార్చనా?’ అంది. మార్చమన్నాను.”

“ఎప్పుడు?”

“మీరు మేడ మెట్లెక్కగానే.”

“మరి నా చేత ఎందుకు కుట్టించావు?”

“ఎన్ని పోట్లకు నిజం చెబుతారో చూద్దామని.”

“పాపం, ఆ డాక్టర్ కోటంతా నా రక్తమే...”

“కొత్త కోటు మీ చేతికిస్తానా? అది పారేయడానికి తీసిపెట్టింది. ఆ పేరుతో డాక్టరే లేడు.”

వేలు చప్పరించుకున్నాను. లేని డాక్టర్ కోసం అప్పటికే రెండక్షరాల రక్తదానం అయిపోయింది.