కోటేశ్వరి జీపులో కనపడని కోణం

"ఈ రాష్ట్రంలో నేరస్థులు ఇంకా కంటినిండా నిద్రపోతున్నారంటే ఒకటే కారణం. నేను ఈ జిరాక్సు షాపు వదిలి పూర్తిగా రంగంలోకి దిగకపోవడం," అన్నాడు త్యాగరాజు, రెండు కాళ్లూ స్టూలు మీద చాపుకుని.

అప్పటికి పర్చూరులో ఆయన చేపట్టిన కేసులు రెండు. మొదటిది పక్కింటి గేదె మాయమైన కేసు. ఆయన పాదముద్రలు కొలుస్తుండగానే గేదె ఇంటికొచ్చి కుడితి తాగింది. రెండోది షాపులో స్టాప్లర్ పోయిన కేసు. ముద్దాయి తనేనని తేలడంతో ఆ ఫైలు మూసేశాడు.

ఈ మాటలు రోజూ వినే మనిషి పక్క కొట్టు ఆదెయ్య. పురుగుమందులు అమ్ముకుంటాడు. ఇద్దరూ ఒకటో తరగతి నుంచి స్నేహితులు. పరిశోధనకి బైకు ఆదెయ్యది, పెట్రోలు ఆదెయ్యది, చివాట్లు పడితే అవీ ఆదెయ్యకే.

ఆ ఉదయం మందు డబ్బా కోసం వచ్చిన కోటేశ్వరి ఆదెయ్య కొట్టులో బెంచీ మీద కూలబడింది. పదెకరాల మిర్చి ఒంటి చేత్తో సాగు చేసే మనిషి. అంత నీరసంగా ఆమెని ఆదెయ్య ఎప్పుడూ చూడలేదు.

"జీపు లేపిన కాణ్ణించి నాకు మనశ్శాంతి లేదు ఆదెయ్యా," అంది.

పక్క కొట్లోంచి త్యాగరాజు తల బయటికొచ్చింది. "జీపు లేపేశారా? ఎవరు?"

"హుస్సేన్ సాహెబ్ గారు. పోయిన వారం."

"దొంగ పేరు కూడా తెలుసన్నమాట. పోలీసులకి చెప్పారా?"

"నేనే లేపమన్నానండి. నాలుగంగుళాలు."

త్యాగరాజు నోట్‌బుక్కులో 'నాలుగంగుళాల దొంగతనం' అని రాసుకున్నాడు. ఆదెయ్యే కల్పించుకుని విడమరిచి చెప్పాడు. వాన పడితే పొలం డొంకలో నల్లరేగడి బురద జీపు పొట్టకి తగులుతోంది. అందుకని బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు, అదే కమాన్ కట్టలు, మార్పించి జీపుని నాలుగంగుళాలు ఎత్తు చేయించింది. అంతే.

"అంతే అయితే బాగుండు," అంది కోటేశ్వరి. "స్పీడు నలభై దాటితే బండి రోడ్డు ఆ చివర్నించి ఈ చివరికి పోతోంది. తిప్పిన స్టీరింగు తిప్పినట్టే ఉంటది, వెనక్కి రాదు. మొన్న అద్దంకి రోడ్డులో కల్వర్టు గోడకి జానెడు దూరంలో ఆగింది. కోతకొచ్చే ఎనిమిది మంది ఆడాళ్లూ దిగి నడిచిపోయారు. ఇంక ఎక్కేది లేదంటున్నారు. కాయ పండి చెట్టు మీదే ఉంది, పైన చూస్తే మబ్బు. సాహెబ్ గారు రెండుసార్లు చూసి బాగానే ఉందన్నారు. బండి ఇంకా ఆయన షెడ్డు దగ్గరే ఉంది, రేపు గుంటూరు తీసుకుపోతా."

ఆదెయ్యకి మనసులో కలుక్కుమంది. హుస్సేన్ సాహెబ్‌ది నలభై ఏళ్ల మెకానిక్ షెడ్డు. ఆయన చేసిన బండి గుంటూరులో బాగుచేయించారన్న మాట పుడితే ఇక ఆ షెడ్డు ముందు ఎవరు ఆగుతారు?

త్యాగరాజు మాత్రం పెన్నుకి టోపీ పెట్టాడు. "ఇది హత్యాప్రయత్నం. మీ ప్రాణానికి ఎవరో ఉచ్చు పన్నారు. పద ఆదెయ్యా."

షెడ్డు దగ్గర జీపు చెట్టు కింద ఉంది. హుస్సేన్ సాహెబ్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లేచాడు. మొహం వాడిపోయి ఉంది. త్యాగరాజు వంగి జీపు కింద చూసి, నేల మీది నల్లటి గుండ్రని ఆధారం ఒకటి కాగితంలో పొట్లం కట్టాడు. అది మేకపెంటిక అని ఆదెయ్య చెప్పలేదు. చెబితే దాన్నీ రాసుకుంటాడు.

"ఇరుసు మీద సుద్దతో 'ఆరు' అని ఉంది. ముఠా సంకేతం," అన్నాడు త్యాగరాజు.

"నేనే రాశా బాబూ. ఆరు డిగ్రీలు."

"ఈ కేసులో మనకి కనపడని కోణం ఏదో ఉంది."

"అదే కోణం. ముందు ఇరుసుది," అన్నాడు హుస్సేన్ సాహెబ్ ఓపిగ్గా. "సైకిలు చూడు. ముందు ఫోర్కు కాస్త వెనక్కి వాలి ఉంటది. అందుకే చేతులొదిలినా తిన్నగా పోద్ది. జీపు ఇరుసుకీ అంతే వాలు ఉండాలి. బండి ఎత్తు చేస్తే ఇరుసు ముందుకి దొర్లి ఆ వాలు పోద్ది. అందుకని కట్టకీ ఇరుసుకీ మధ్య ఏటవాలు ఇనపముక్కలు పెట్టి మళ్లీ వాల్చా. పెట్టాననే నా నమ్మకం. మరెందుకు తిరుగుతోందో నాకు అంతుపట్టడం లేదు."

ఆదెయ్య నేల చూపులు చూశాడు.

"నేరం జరిగిన తీరుని మళ్లీ జరిపించి చూడాలి," అంటూ త్యాగరాజు డ్రైవరు సీట్లోకెక్కాడు. "తాళం ఇవ్వండి. నాకు తెలియని వాహనం లేదు."

ఇవ్వకుండా ఉండాల్సింది. ఇంజను అరిచింది, గేరు కర్రుమంది, జీపు ముందుకి దూకాల్సింది పోయి వెనక్కి దూకింది. త్యాగరాజు రెండు చేతులూ స్టీరింగు వదిలేసి పైనున్న కడ్డీ పట్టుకున్నాడు. కాలు మాత్రం యాక్సిలరేటరు మీద బిగుసుకుపోయింది. షెడ్డు పక్క మట్టిబాట వెంట జీపు వెనక్కి వెనక్కి వెళ్లిపోతోంది.

ఆదెయ్య వెంట పరిగెత్తాడు. "ఒరేయ్, కాలు తియ్యరా."

"ఏ కాలు?"

రెండొందల గజాలు పోయి, దున్నిన పత్తి చేలో కూరుకుని జీపు ఆగింది. త్యాగరాజుకి చొక్కా గుండీ తప్ప ఏమీ పోలేదు. ఆదెయ్య వాడి భుజాలు తడిమి చూసి, బతికే ఉన్నాడని నమ్మకం కుదిరాక తిట్టడం మొదలుపెట్టాడు.

హుస్సేన్ సాహెబ్ మాత్రం జీపు వైపు రాలేదు. బాట మధ్యలో నిలబడి చక్రాల జాడ చూస్తున్నాడు. దారం పట్టి గీసినట్టుంది. ఎక్కడా వంకర లేదు.

"స్టీరింగు పట్టుకున్నావా బాబూ?"

"లేదండీ," అన్నాడు త్యాగరాజు, ఊడిన గుండీ కోసం వెతుక్కుంటూ.

"ముందుకి పోతే పాములా పోతోంది. వెనక్కి పోతే ఎవరూ పట్టుకోకుండానే తిన్నగా పోయింది. అంటే దానికి వెనక వైపే ముందు." ఆయన తల కొట్టుకుని మట్టిలోనే జీపు కిందికి దూరాడు. కాసేపటికి లోపల్నించి మాట వచ్చింది. "ముక్కలు తిరగేసి పెట్టా ఆదెయ్యా. దళసరి వైపు ముందుకుండాలి, వెనక్కుంది. ఎప్పుడూ బండి మొహం రోడ్డు వైపు పెట్టుకుని చేస్తా. ఆ రోజు వాన పడుతోందని మొహం లోపలికి పెట్టి తోశాం. కింద పడుకున్నాక నాకు ముందేదో వెనకేదో తారుమారైంది."

ఫోను తీసి కోటేశ్వరికి ఆయనే చెప్పాడు. "పొరపాటు నాదేనమ్మా. సాయంత్రానికి సరిచేసి ఇస్తా." దాచలేదు, ఇంకొకరి మీదికి నెట్టలేదు.

నాలుగింటికి కోటేశ్వరి వచ్చి జీపుని అద్దంకి రోడ్డెక్కించింది. వెనక హుస్సేన్ సాహెబ్, ఆదెయ్య కూర్చున్నారు. అరవై స్పీడు మీద ఆమె స్టీరింగు వదిలి జుట్టు ముడేసుకుంది. జీపు తెల్లగీత పక్కనే బుద్ధిగా పోయింది. మూల మలుపు దాటాక స్టీరింగు దానంతటదే వెనక్కి తిరిగింది. ఆమె అద్దంలోంచి హుస్సేన్ సాహెబ్‌ని చూసింది.

"గుంటూరు ఎందుకులెండి. ట్రాక్టరు కూడా రేపు పంపిస్తా," అంది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "కనిపెట్టింది త్యాగరాజు గారేనమ్మా," అన్నాడు చివరికి.

మర్నాడు ఎనిమిది మందీ జీపెక్కారు. రెండ్రోజుల్లో కోత అయింది, మూడో రోజు వాన వచ్చింది.

ఆ వానలో బజారుకి పోతూ, బైకు వెనక కూర్చున్న త్యాగరాజు ఆదెయ్య చెవి దగ్గరకి వంగాడు.

"ఒరేయ్, జీపులో రివర్సు గేరు ఎటుంటది?"

"కేసు ఛేదించింది నువ్వు, నన్నడుగుతావేరా?"

"అది కాదురా." ఇంకా గొంతు తగ్గించాడు. "అసలు నాకు డ్రైవింగే రాదు."

ఆదెయ్య బైకు పక్కకి ఆపి, కిందికి దిగి, వానలో తడుస్తూ కడుపు పట్టుకుని నవ్వాడు.

"బైకు ఎందుకాపావు? ఆధారాలు తడిసిపోతున్నాయి," అన్నాడు త్యాగరాజు, జేబులోని పొట్లం అరచేత్తో కప్పుకుంటూ.