రాజుగారు తొక్కిన చాప

అనగనగా అనేంత పాత సంగతి కాదు. ఒక పెద్ద అడవిలో ఈతకొలను కట్టి, ధవళాంగం అనే కొంగను దానికి మేనేజరుగా వేశారు. నీళ్లలో చేపల్ని తప్ప మరి దేన్నీ చూడనివాడే. కానీ ఒళ్లు తెల్లగా ఉంది కదా, శుభ్రత గురించి ఇతనికి తెలియక ఇంకెవరికి తెలుస్తుందని అడవి సభ తేల్చేసింది.

ప్రారంభోత్సవం నాడు సింహరాజు మెట్ల దగ్గర పరిచిన తుంగచాప మీద మొదటి అడుగు వేశాడు. ఆ పాదముద్ర చెరిగిపోకూడదని ధవళాంగం చాపను కదలనివ్వలేదు. దుమ్ము పట్టకుండా రోజూ నీళ్లు చల్లించేవాడు. కొలనులో దిగేవాళ్లంతా ముద్రను తప్పించి చాప తొక్కి, దానికి దండం పెట్టుకునే దిగాలి. తను మాత్రం ఎగిరి దాటేవాడు.

నెల తిరిగేసరికి కుందేళ్లకు కాలివేళ్ల సందులు పాసిపోయాయి. కోతుల తొడల మీద తామర లేచింది. ఎలుగుబంటి వీపు రాసుకుని రాసుకుని రెండు మద్దిచెట్ల బెరడు ఊడగొట్టింది.

కొలను ఊడ్చే తాబేలు కూర్మమ్మ ఆఫీసుకొచ్చింది. "అయ్యా, నీళ్లు బానే ఉన్నాయి. తెగులంతా ఆ చాపలోనే ఉంది. నెల్లాళ్లుగా తడారలేదు, అడుగున బూజు పట్టింది. తగలబెట్టించండి."

"రాజుగారి పాదాన్ని తగలబెట్టమంటావా?"

"పాదాన్ని కాదయ్యా, చాపని."

"నీకు డొప్ప ఉంది, ఏమైనా మాట్లాడతావ్. నాకున్నది ఉద్యోగం ఒక్కటే."

అసలు అతని కన్ను ఆరోగ్యమంత్రి పదవి మీద ఉంది. ఏడాదిపాటు కొలను మీద ఫిర్యాదు రాకపోతే ఆ కుర్చీ తనదే. అందుకని చాప జోలికి పోకుండా గేటుకు బోర్డు కట్టించాడు: 'దురద ఇంటి మురికి వల్ల వస్తుంది. గోక్కున్నవారు తమ ఇల్లు మురికిదని ఒప్పుకున్నట్టే. వారికి కొలనులో ప్రవేశం లేదు.'

సిగ్గు పనిచేసినంతగా మందు ఎక్కడ పనిచేస్తుంది? కుందేళ్లు పళ్లు బిగించాయి. ఎలుగుబంటి చెట్ల వైపు చూడటమే మానేసింది. ఫిర్యాదుల పెట్టెలో సాలీడు కాపురం పెట్టింది. ఏడాది పండక్కి సింహరాజు స్వయంగా వచ్చి, తన ముద్రలోనే మళ్లీ పాదం పెట్టి, అడవిగీతం ఆరు చరణాలూ అయ్యేదాకా అక్కడే నిలబడి మురిసిపోయాడు.

పది రోజులకు దర్బారులో ప్రమాణస్వీకారం. "ధవళాంగం అనే నేను" అని మొదలెట్టాడో లేదో, సింహాసనం మీంచి బరబరమని చప్పుడు. రాజుగారు అరికాలు గోక్కుంటున్నారు.

దర్బారంతా తలలు దించుకుంది. బోర్డు అందరికీ కంఠతా వచ్చు.

"ధవళాంగం, ఈ దురద ఎక్కడిదయ్యా?"

కొలనుదంటే పదవి పోతుంది. ఇంటిదంటే ప్రాణం పోతుంది.

"బోర్డు మీద ఏమని రాయించావ్?" అన్నాడు రాజు, గోక్కుంటూనే.

"ఇంటి మురికి అని, మహాప్రభూ."

"అంటే నా గుహ మురికిదంటావ్."

రాబోయిన పదవీ పోయింది, ఉన్న ఉద్యోగమూ పోయింది, తోకలో నాలుగు ఈకలూ పోయాయి. ఆ సాయంత్రమే చాపను తగలబెట్టి, కొలను మూసి, గట్టంతా వారం రోజులు ఎండబెట్టారు. కూర్మమ్మ మొదటి నెలలో చెప్పిందీ అదేనని ఎవరికీ గుర్తు రాలేదు.

నీతి: జనానికి పుడితే దురద, రాజుగారికి పుడితేనే రోగం.